ఉత్తరధ్రువమునకు పెద్దమందడి యెంత దూరము?

వానకై ఆకాశమువంక చూచుట పాలమూరు సీమకు తరతరముల అలవాటు. మృగశిర ప్రవేశించిన నాటినుండి పెద్దమందడి రైతు మబ్బును కనిపెట్టుకొని యుండును. ఒక వాన కురిసిన దుక్కి, మరియొక వాన కురిసిన విత్తు, వాన మొగము చాటువేసిన వలస. దేశములోని అనేక ఆనకట్టలకు మన పాలమూరు కూలీలే మట్టి మోసిరి. తమ పొలము లెండుచుండగా పరుల పొలములకు నీరు తెచ్చిరి. ఇటీవల ఎత్తిపోతల పథకముల మూలమున కృష్ణాజలములు వనపర్తి ప్రాంతపు చెరువులకు చేరుచున్న మాట నిజమే. కాని ఆ కృష్ణకు నీరెక్కడిది? పడమటి కనుమలపై కురియు నైరుతి వానయే కదా! కాలువ వచ్చినంత మాత్రమున వానతోడి బంధము తెగిపోలేదు.

ఆ వాన గుట్టు తెలిసికొనుటకై మన శాస్త్రజ్ఞులు నేడు ఉత్తరధ్రువ ప్రాంతమునకు పోవుచున్నారన్న సంగతి మన పల్లెలలో ఎందరికి తెలియును? నార్వే దేశమునకు ఉత్తరముగా హిమసముద్రములో స్వాల్బార్డు ద్వీపసముదాయము కలదు. అందలి నీ ఆలెసుండ్ అను చిన్న యూరిలో, ధ్రువమునకు సుమారు 1,200 కిలోమీటర్ల దూరమున, 2008వ సంవత్సరము జూలైలో భారతదేశము 'హిమాద్రి' యను పరిశోధనాలయమును నెలకొల్పినది. అంతకు ముందటి సంవత్సరమే మన మొదటి శాస్త్రజ్ఞుల బృందము అచ్చటికి వెళ్లియుండెను. 2014లో అచ్చటి కాంగ్స్‌ఫ్యోర్డు అను సముద్రపు పాయలో, నీటియడుగున 'ఇండార్క్' అను యంత్రసముదాయమును నిలిపి నీటి వేడిమిని, ఉప్పదనమును కొలుచుట కారంభించిరి. అక్టోబరు చివరినుండి ఫిబ్రవరి నడుమవరకు సూర్యుడు పొడచూపని ఆ చీకటి దినములలో సైతము పనిచేయుటకు 2023 డిసెంబరులో శీతకాలపు బృందమును పంపిరి. ఈ కార్యము నెల్ల నడపునది గోవాలోని జాతీయ ధ్రువ సముద్ర పరిశోధన కేంద్రము.

ఈ ద్వీపములతో మన సంబంధము నిన్నటిది కాదు. 1920 ఫిబ్రవరి 9న పారిసు నగరమున స్వాల్బార్డు ఒడంబడికపై సంతకములు జరిగినపుడు భారతదేశము పేర కూడ సంతకము జరిగినది. ఆ సంతకము చేసినది మన ప్రతినిధి కాదు; మనలను పాలించుచుండిన పరప్రభుత్వపు మనుష్యుడు. మనము అడుగకయే మన పేర వ్రాయబడిన ఆ హక్కును స్వతంత్ర భారతము తన శాస్త్రజ్ఞుల చేత సార్థకము చేసికొనుచున్నది.

మంచుసముద్రమునకును మన మాగాణికిని ఏమి పొత్తని కొందరు నవ్వవచ్చును. వారు 2009వ సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొందురు గాక. వర్షకాలము ముగిసినదని తలచుచుండగా, సెప్టెంబరు చివరను అక్టోబరు మొదటను కురిసిన కుంభవృష్టికి కృష్ణాతుంగభద్రలు పొంగి కర్నూలు నగరమును, అలంపురమును ముంచివేసినవి. ఆ యేటి వరదకు కారణము మంచుసముద్రమే యని మేము చెప్పుట లేదు. కాని కాలాంతమున కురియు ఇట్టి అతివృష్టి కారణములు వెదకదగినవి. 2021లో గోవా కేంద్రపు శాస్త్రజ్ఞులు, వేసవిలో కారా సముద్రపు మంచు తగ్గుటకును సెప్టెంబరులో మధ్యభారతమున అతివృష్టి కలుగుటకును సంబంధమున్నట్లు సూచించిరి. 1979 తరువాత ఉత్తరధ్రువ ప్రాంతము భూగోళపు సగటుకంటె ఇంచుమించు నాలుగు రెట్లు వేగముగ వేడెక్కినదని 2022లో ప్రకటింపబడిన పరిశోధన తెల్పుచున్నది. అక్కడి మంచు కరగిన ఇక్కడి వాన యెట్లు మారునో నిర్ణయముగ చెప్పుటకు ఇంకను ఎంతయో పని మిగిలియున్నది. ఆ పని చేయువారెవరు?

తెలుగువారికి ఈ శాస్త్రము కొత్తది కాదు. ఋతుపవన కాలమున దక్షిణ భారతముపై మిక్కిలి యెత్తున తూర్పునుండి పడమరకు మహావేగముతో వీచు గాలిని గూర్చి 1958లో లోకమునకు విశదముగ తెల్పినవాడు మన పంచేటి కోటేశ్వరముగారు; వారు పిదప భారత వాతావరణ శాఖకు అధిపతులైరి. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1952లో అమెరికా నుండి లాఫాండు పండితుడు వచ్చి సముద్రశాస్త్రమును బోధించెను. హైదరాబాదు నగరమున 1961 నుండి జాతీయ భూభౌతిక పరిశోధనాలయము, 1999 నుండి జాతీయ సముద్ర సమాచార కేంద్రము పనిచేయుచున్నవి. వనపర్తి నుండి బయలుదేరిన బస్సు కొన్ని గంటలలో ఈ విద్యాలయముల ముంగిట దింపును. బస్సు చేర్చిన చోటికి చదువు చేర్చకుండుటయే మన చింత.

బి.యస్సీ., యం.యస్సీ.ల వరకు విద్యార్థి వేతనములు కలవు. డాక్టరు పట్టమునకు పరిశోధించునపుడు ప్రభుత్వ సహాయము కొంత దొరకును. ఆ పట్టము చేతికి వచ్చిన పిదప రెండుమూడేండ్లు ఒక పేరుమోసిన పరిశోధనాలయమున పనిచేసిననే గాని శాస్త్రజ్ఞుడు స్వతంత్రుడు కాడు. దానినే పోస్టు డాక్టరల్ పరిశోధన యందురు. ఈ మెట్టుననే మన పేదపిల్లలు జారిపోవుచున్నారు. అప్పటికి వయస్సు ముప్పది చేరువ యగును. ఇంటివద్ద తలిదండ్రులు వృద్ధులగుదురు. చెల్లెలి పెండ్లి, తమ్ముని చదువు ఎదురుచూచుచుండును. ఎక్కడనో తాత్కాలికముగ పాఠములు చెప్పు ఉద్యోగము దొరకిన చాలునని యువకుడు పరిశోధనకు స్వస్తి చెప్పును. ఇందు అతని తప్పేమున్నది?

అవకాశములు లేవా యన్న, కలవు. మన దేశమున అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ పక్షమున రెండేండ్ల జాతీయ వేతనము కలదు. ఐరోపా సమాజము మేరీ క్యూరీ పేర నెలకొల్పిన వేతనములకు ఏ దేశస్థుడైనను అర్జీ పెట్టవచ్చును. జర్మనీలో హంబోల్టు సంస్థ వేతనము లిచ్చుచున్నది. అచ్చటి బ్రెమర్‌హావెన్ నగరమున వెగెనర్ ధ్రువ పరిశోధనాలయము కలదు. నార్వేలో ట్రొమ్సో నగరమున ధ్రువ పరిశోధన సంస్థ యున్నది; ఆ దేశమున ఇట్టి పరిశోధకుని విద్యార్థిగా గాక ఉద్యోగిగా భావించి జీతమిత్తురు.

అయితే ఈ ద్వారములు తట్టిన వెంటనే తెరచుకొనునవి కావు. పెక్కింట, అర్జీకి ముందే అక్కడి ఆచార్యు డొకడు 'ఇతనిని నా వద్ద చేర్చుకొందును' అని ఒప్పుకొనవలెను. పరిశోధించు విషయమును చక్కగ వ్రాసి పంపవలెను. పట్టము పొందిన ఇన్ని యేండ్లలోపుననే అర్జీ పెట్టవలెనను గడువులు తరచుగ నుండును. తెలియక కడచిన సంవత్సరము తిరిగి రాదు. స్వాల్బార్డునకు వీసా అక్కరలేదని విని సంతోషించినవాడు, దారిలో నార్వే భూమిపై అడుగిడుటకు వీసా వలయునని ఆలస్యముగ తెలిసికొనును. ప్రయాణపు ఖర్చు తరువాత చేతికి వచ్చినను, మొదట టిక్కెట్టు కొనుటకు రొక్కము వలయును. పట్నములో పెరిగి, పెద్దల పరిచయము కలవానికి ఇవి చిన్న సంగతులు. పెద్దమందడి నుండి వచ్చిన మొదటి తరపు చదువరికి ఒక్కొక్కటియు ఒక్కొక్క గోడ.

ఇట్టి గోడను మన పెద్దలు మునుపొకమారు పడగొట్టిరి. హైదరాబాదులో చదువుకొన గోరు పల్లె బాలురకు తలదాచుకొన తావు లేని కాలమున, 1918లో రెడ్డి వసతిగృహము వెలసినది. దానికి మూలపురుషుడైన రాజా బహద్దరు వెంకటరామారెడ్డిగారు వనపర్తి సంస్థాన ప్రాంతమున పుట్టినవారే. అన్నము, గది, పుస్తకము, మంచి మాట - ఈ నాల్గింటితో ఎందరో పల్లె బాలురు విద్యావంతులైరి. నాటి కొరత గది. నేటి కొరత సమాచారము, సిఫారసు, మొదటి ఖర్చు.

హిమాద్రి నెలకొన్న 2008లోనే మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయము కూడ వెలసినది. ఈ రెంటికిని నడుమ దారి వేయుట అసాధ్యము కాదు. విశ్వవిద్యాలయము ప్రతి సంవత్సరము ఈ వేతనముల గడువులను ముందుగా తెలుగున ప్రకటింపవలెను. హైదరాబాదులోని పరిశోధనాలయముల శాస్త్రజ్ఞులు ఏటికి కొన్నిమార్లైన వచ్చి అర్జీలు వ్రాయుట నేర్పవలెను. విదేశములలో స్థిరపడిన మన జిల్లావారు గుడిగోపురములకు, వివాహ వైభవములకు ఇచ్చు ధనమున కొంత తీసి, మొదటి టిక్కెట్టునకు అప్పుగా ఇచ్చు నిధిని నెలకొల్పవలెను. ఉద్యోగమున చేరినవాడు తీర్చిన ఆ సొమ్ము తరువాతి వానికి దారిబత్తెమగును.

కరవుసీమ బిడ్డకు ధ్రువపరిశోధన యేల, కూడుపెట్టు చదువు చాలదా యని యనువారు లేకపోలేదు. వాన రాకపోకల వలన ఎవని కూడు నిర్ణయింపబడుచున్నదో, వాని బిడ్డకే ఆ వానను పరిశోధించు అధికారము మొదట కలదు. ఊరి చెరువు ఏ యేట నిండెనో, ఏ యేట ఎండెనో తాతనోట విని పెరిగిన బిడ్డకు అంకెల వెనుక నున్న ఆకలి తెలియును. ఆ బిడ్డ మంచుసముద్రపు ఒడ్డున నిలిచి అడుగు ప్రశ్న వేరుగ నుండును. ఆ ప్రశ్న అడుగు దినము త్వరగా వచ్చునట్లు చేయుట మన విద్యాధికుల, ధనవంతుల, ప్రభుత్వము యొక్క ధర్మము.