జెనీవా తీర్మానం – నడిగడ్డ పైరు: ఎండోసల్ఫాన్ నిషేధం నేర్పిన పాఠం

హైదరాబాదు నుండి కర్నూలు వెళ్లే రహదారిపై కృష్ణానది దాటగానే బీచుపల్లి వస్తుంది. ఇక్కడి నుండి తుంగభద్ర వరకు వ్యాపించిన నడిగడ్డ ప్రాంతం వేరుశనగకు, ప్రత్తి విత్తనోత్పత్తికి ప్రసిద్ధి. ఈ రెండు పంటల పేర్లూ 2011 ఏప్రిల్‌లో జెనీవాలో కుదిరిన ఒక అంతర్జాతీయ తీర్మానంలో చోటు చేసుకున్నాయి. ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, వాణిజ్యం, వాడకాలపై నిషేధానికి సంబంధించిన తీర్మానమది.

ఎండోసల్ఫాన్ 1950వ దశకంలో విపణిలోకి వచ్చిన ఆర్గానోక్లోరిన్ కీటకనాశిని. చవకైనది, పలు రకాల పురుగులపై పనిచేసేది కావడంతో మన రైతులు విరివిగా వాడారు. అయితే అది త్వరగా విచ్ఛిన్నం కాదు, జీవుల దేహాల్లో పేరుకుంటుంది, గాలితోపాటు సుదూరం ప్రయాణిస్తుంది. దానిని ఎన్నడూ చల్లని ఆర్కిటిక్ ప్రాంతంలో కూడా అవశేషాలు కనిపించాయి. ఈ కారణాలతో 2007లో ఐరోపా సమాజం దీనిని స్టాక్‌హోమ్ ఒప్పందపు నిషేధ జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది.

ప్రపంచంలోకెల్లా అధికంగా ఈ మందును తయారుచేస్తున్న భారతదేశం ప్రతిపాదనను వ్యతిరేకించింది. శాస్త్రీయ ఆధారాలు చాలవని, ప్రత్యామ్నాయ మందులు ఖరీదైనవని, వాటివల్ల విదేశీ సంస్థలకే లాభమని మన ప్రతినిధుల వాదన. మరోవైపు కేరళలోని కాసరగోడు జీడిమామిడి తోటలపై విమానాల ద్వారా జరిగిన పిచికారీ, అక్కడి ప్రజల అనారోగ్యం నిషేధవాదులకు బలమైన ఆధారాలయ్యాయి. జెనీవా సమావేశం ఆరంభమైన ఏప్రిల్ 25న నాటి కేరళ ముఖ్యమంత్రి వి.ఎస్. అచ్యుతానందన్ నిషేధం కోరుతూ ఒకరోజు నిరాహారదీక్ష చేశారు.

దౌత్యంలో సభా నియమాల ప్రభావం ఎంతటిదో ఇక్కడ గమనించాలి. రోటర్‌డామ్ ఒప్పందం కింద జాబితాలో చేర్చడానికి ఏకాభిప్రాయం తప్పనిసరి. అందువల్ల 2008లో రోమ్ సమావేశంలో భారత్ అభ్యంతరంతో ఎండోసల్ఫాన్ అంశం ఆగిపోయింది. స్టాక్‌హోమ్ ఒప్పందంలో ఏకాభిప్రాయ ప్రయత్నాలన్నీ విఫలమైతే, హాజరై ఓటు వేసిన సభ్యదేశాల్లో నాలుగింట మూడు వంతుల ఆధిక్యంతో నిర్ణయం చేయవచ్చు. సమీక్షా సమితి 2010 అక్టోబరులో ఓటింగు ద్వారానే నిషేధాన్ని సిఫారసు చేసింది. ఇక అడ్డుకోవడం కష్టమైన చోట మినహాయింపులు సాధించడమే మార్గమైంది.

చివరకు ఏకాభిప్రాయం కుదిరింది. నిషేధం ఖరారైనప్పటికీ, నిర్ణీత పంట–పురుగు జంటలకు తాత్కాలిక మినహాయింపు లభించింది. వేరుశనగలో పేనుబంక, ప్రత్తిలో పచ్చదోమ, తెల్లదోమ, తామర పురుగులు, గులాబీ రంగు కాయతొలుచు పురుగు ఆ జాబితాలోనివే. మినహాయింపు గడువు ఐదేళ్లు. పొడిగించే అవకాశం కూడా ఉండేది. సవరణ 2012 అక్టోబరు 27న అమల్లోకి వచ్చింది.

కాని ఇంతలోనే పరిస్థితి మారింది. జెనీవా సమావేశం ముగిసి పక్షం రోజులు గడవగానే, 2011 మే 13న సుప్రీంకోర్టు దేశమంతటా ఎండోసల్ఫాన్ ఉత్పత్తి, విక్రయం, వాడకాలను నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు జారీచేసింది. దౌత్యవేత్తలు సాధించిన మినహాయింపు మన రైతు చేతికి అందలేదు.

విస్తరణ శాస్త్రవేత్తలు దీనినుండి గ్రహించవలసినవి రెండు. మొదటిది, అంతర్జాతీయ మినహాయింపు వాడకానికి అనుమతి కాదు. దేశీయ చట్టాన్ని, న్యాయస్థానాల ఉత్తర్వులను సరిచూసిన తర్వాతే సిఫారసు చేయాలి. రెండవది, ప్రత్యామ్నాయాలు ఖరీదైనవనే వాదన నిలవాలంటే పంటవారీ ఖర్చు, దిగుబడి, అవశేషాల గణాంకాలు చేతిలో ఉండాలి. వాటిని సమకూర్చవలసినది పరిశోధనా క్షేత్రాలే.

ఏదైనా మందు సమీక్షా సమితి ముందుకు వెళ్లిందన్న వార్తను ముందస్తు హెచ్చరికగా భావించాలి. ఎండోసల్ఫాన్ విషయంలో ప్రతిపాదనకు, నిర్ణయానికి మధ్య దాదాపు నాలుగేళ్ల వ్యవధి ఉంది. అటువంటి వ్యవధిలోనే లింగాకర్షక బుట్టలు, ఎర పంటలు, వేపగింజల కషాయం, ఆర్థిక నష్ట పరిమితి స్థాయిని బట్టి పిచికారీ వంటి సమగ్ర సస్యరక్షణ పద్ధతులను రైతు పొలంలో ప్రదర్శించి చూపాలి. నిషేధం వెలువడిన మరునాడు రైతు అడిగే మొదటి ప్రశ్న “మరి ఏం కొట్టాలి?” అన్నదే. దానికి సమాధానం నిషేధానికి ముందే సిద్ధమై ఉండాలి.