ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వితే లాభమేమిటి?

బొల్లారం: చుట్టూ ఫ్యాక్టరీలు. ఇరుకు గదుల్లో కలిసి కాపురముండే కార్మికులు. ఇలాంటిచోట ఒకరికి అంటురోగం సోకితే గదిలో అందరికీ పాకుతుంది. 2020లో కరోనా నాడు జిల్లాలోని కందిలో పనిచేసే సుమారు 1,200 మంది వలస కూలీలను మే 1న లింగంపల్లి నుంచి ప్రత్యేక రైల్లో జార్ఖండ్‌కు పంపవలసి వచ్చింది.

అటు తర్వాత 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల ద్వారా వైద్యానికి రూ.70,051 కోట్లు సిఫారసు చేసింది. ఇందులో పల్లెలకు రూ.43,928 కోట్లు, పట్టణాలకు రూ.26,123 కోట్లు. ఉపకేంద్రాలకు సొంత భవనాలు, రోగ పరీక్షల వసతి, మండలస్థాయి ప్రజారోగ్య యూనిట్లు ఈ సొమ్ముతో చేయవలసిన పనులు.

జ్వరమొచ్చిన కూలీ పరీక్ష కోసం ఒకరోజు కూలి పోగొట్టుకోరాదు. ఊళ్లోనే పరీక్ష జరిగితే రోగం మొదట్లోనే పట్టుబడుతుంది. మన ఉపకేంద్రానికి ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అని గ్రామసభలో అడిగి తెలుసుకోవడం ప్రజల హక్కు. మరో రోగం వచ్చి తలుపు తట్టకముందే అడగాలి.