గోదావరి వరద: మూడో హెచ్చరిక దాకా ఆగొద్దు

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే భద్రాచలం నుంచి అంతర్వేది దాకా అందరి నోటా ఒకటే ప్రశ్న: "భద్రాచలంలో ఎన్ని అడుగులుందట?" అడగాల్సిన ప్రశ్నే. అంకె విన్నాక మన ఇంట్లో ఏం చేయాలన్న దగ్గరే తేడా వస్తోంది. తరతరాలుగా ఏటి ఒడ్డున బతుకుతున్నవాళ్లకు ధీమా ఉండటం సహజం. ఆ ధీమాకు కొన్ని అపోహలు తోడైనప్పుడే ప్రాణాల మీదికి వస్తోంది.

అపోహ: ఇంకా మొదటి హెచ్చరికే కదా, మూడోది ఇచ్చాక కదులుదాం.

వాస్తవం: భద్రాచలంలో 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆ మట్టాలు 11.75, 13.75, 17.75 అడుగులు. అక్కడ మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు, మూడో హెచ్చరిక నాటికి 17 లక్షల క్యూసెక్కులు సముద్రం వైపు పోతుంటాయి. ఇవన్నీ గేజీ ఉన్నచోట నదిని కొలిచిన అంకెలు. మీ వీధి పల్లమో మెరకో ఆ గేజీకి తెలియదు.

కోనసీమ లంకల్లో మూడో హెచ్చరిక దాకా ఆగితే దారే మిగలదు. అప్పనపల్లి, కనకాయలంక కాజ్‌వేల మీదికి నీరెక్కితే ఊళ్లోకి పడవే గతి. అప్పుడు మంచం మీదున్న ముసలివాళ్లను, నెలలు నిండిన గర్భిణిని పడవెక్కించడం ఎంత కష్టమో చూసినవాళ్లకు తెలుసు. అందుకే ప్రసవం దగ్గరపడ్డవాళ్లను ముందే ఆసుపత్రికి తరలించాలంటారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు, ఇన్సులిన్ వాడేవాళ్లకు కూడా అదే వర్తిస్తుంది.

ఇంకో సంగతి. మూడో హెచ్చరికే ఆఖరిది, నాలుగోది లేదు. కానీ నది అక్కడితో ఆగదు. 2022 జూలై 16న భద్రాచలంలో 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు 16న 75.6 అడుగులు. అంటే మూడో హెచ్చరిక మట్టం దాటాక కూడా ఇరవై అడుగులకు అటూ ఇటూగా పెరిగింది. "మూడోది కూడా ఇచ్చేశారు, ఇంతకంటే ఏం వస్తుందిలే" అని అటక మీదికి సామాను సర్దుకుని కూర్చోవడం ఎంత ప్రమాదమో ఈ రెండు అంకెలే చెబుతాయి.

అపోహ: 1986 లాంటి వరద నూరేళ్లకోసారి వస్తుంది.

వాస్తవం: భద్రాచలంలో గోదావరి 1986లో, 1990లో, 2022లో 70 అడుగులు దాటింది. 36 ఏళ్లలో మూడుసార్లు. నూరేళ్ల వరద అంటే ఏ ఏడాదికి ఆ ఏడాది వచ్చే అవకాశం నూటికి ఒకటని అర్థం. నిరుడు వచ్చింది కదా అని ఈ ఏడాది మానదు.

అపోహ: మనకు చినుకు లేదు, ఎండ కాస్తోంది. వరద ఎలా వస్తుంది?

వాస్తవం: మన దగ్గరికొచ్చే వరదలో పెద్ద వాటా ప్రాణహిత, ఇంద్రావతి, శబరిలదే. విదర్భలోనో బస్తర్‌లోనో కురిసిన వాన మనకు వరదై వస్తుంది. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి ఒక రోజు అటూ ఇటూగా పడుతుంది. దిగువవాళ్ల చేతిలో ఉండే వ్యవధి అదే. ఆ ఒక్క పగలూ ఎండ చూసి పోగొట్టుకోకూడదు. కూనవరం దగ్గర గోదావరి నిండుగా ఉంటే శబరికి దిగే దారి ఉండదు, నీరు ఎగదన్ని చింతూరు వైపు కమ్ముకుంటుంది. అక్కడ వాన పడనక్కర్లేదు.

అపోహ: గేట్లు సరిగ్గా వాడితే వరదను ఆపొచ్చు.

వాస్తవం: ఈ మాట చదువుకున్నవాళ్లు కూడా అంటుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట కాలువలకు నీరు మళ్లించడానికి కట్టింది. దాని నిల్వ సుమారు 3 టీఎంసీలు. 10 లక్షల క్యూసెక్కుల వరద గంటకు 3.6 టీఎంసీలు తెస్తుంది. గేట్లన్నీ దించినా గంట తిరక్కుండానే నిండిపోతుంది. వరదొస్తే 175 గేట్లూ ఎత్తేయడం తప్ప దారి లేదు. ఎగువనున్న శ్రీరాంసాగర్ జలాశయాన్ని తప్పుపట్టేవాళ్లూ ఉన్నారు. ప్రాణహిత కలిసేది దానికి దిగువన, కాళేశ్వరం దగ్గర. ఆ నీటిని శ్రీరాంసాగర్ ఎలా ఆపుతుంది?

అపోహ: గట్టు ఉంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: భద్రాచలంలో నది పెరిగితే కరకట్ట స్లూయిజులు మూసేయాలి. అప్పుడు పట్టణంలో పడ్డ వాన బయటికి పోలేదు, మోటార్లు పెట్టి తోడాల్సిందే. దిగువన ఏటిగట్టు పక్కనున్నవాళ్లు ఊటను గమనించాలి. గట్టుకు ఊరివైపు అడుగున తేట నీరు ఊరుతుంటే కనిపెట్టుకుని ఉండాలి. అది బురదగా మారిందంటే గట్టు లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. వెంటనే అధికారులకు కబురు చేయాలి. నది తీసేటప్పుడూ గట్టు జారుతుంది, ఎందుకంటే అప్పటికి అది నీరు పీల్చి బరువెక్కి ఉంటుంది.

నదికి దూరంగా ఉన్నాం కదా అనేవాళ్లు 2024 సెప్టెంబరు నాటి విజయవాడను గుర్తుచేసుకోవాలి. అక్కడ సింగ్‌నగర్‌ను ముంచింది పెద్ద నది కాదు, బుడమేరు వాగు.

అపోహ: నీరు తీసింది, ఇక ఇంట్లోకి వెళ్లిపోవచ్చు.

వాస్తవం: నానిన మట్టిగోడలు నీరు తీశాక కూలతాయి. కరెంటు మెయిన్ వేసేముందు వైరింగు చూపించండి. పాములు సామాను కిందే ఉంటాయి, కర్రతో కదిపి చూసిగాని చెయ్యి పెట్టొద్దు. బావి నీరు క్లోరిన్ కలిపేదాకా తాగొద్దు.

ఇంటి పెద్దలను అడగండి. 1986లో, 2022లో మీ గోడ మీద నీరు ఎక్కడిదాకా వచ్చింది? భద్రాచలంలో గానీ ధవళేశ్వరంలో గానీ ఏ అంకెకు మీ దారి మునుగుతుంది, ఏ అంకెకు వాకిట్లోకి నీరొస్తుంది? దారి మునిగే అంకె కంటే ముందే ఇల్లు వదిలే అంకె పెట్టుకోండి. ఎక్కడికి వెళ్లాలో, ఎవరు ఎవరిని తీసుకెళ్లాలో అనుకోండి. ఆధార్, పాసుపుస్తకం, రోజూ వేసుకునే మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టి ఉంచండి. ఇల్లు వదిలేటప్పుడు పశువుల పలుపులు విప్పడం మరవొద్దు. కట్టేసిన పశువు ఈదలేదు. ఇల్లు వదిలే అంకెనూ, 112, 1070, 1077 అత్యవసర నంబర్లనూ తలుపు వెనక పెద్దక్షరాలతో రాయండి. వానలు మొదలవకముందే రాయండి.