తొరపల్లి పెద్దాయన కెనెడీని అడిగిందేమిటి?

హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాం తెలిసినవాళ్లకు తొరపల్లి పేరూ తెలిసే ఉంటుంది. 1878లో స్వాతంత్ర్య సమర నాయకుడు రాజాజీ పుట్టిన ఊరది. ఎనభై మూడేళ్ల వయసులో, 1962 సెప్టెంబరు 28న, ఆయన గాంధీ శాంతి ప్రతిష్ఠానం తరఫున వెళ్లి అమెరికా అధ్యక్షుడు కెనెడీని కలిశారు. అణు పరీక్షలు ఆపాలన్నదే ఆయన కోరిక.

బాంబులు ఉండగా పరీక్షలు ఆపితే ఏం లాభం? లాభం ఉంది. గాలిలో బాంబు పేలిస్తే స్ట్రాన్షియం-90 పైకి లేచి, ఎక్కడెక్కడికో కొట్టుకుపోయి, వానతో దిగుతుంది. గడ్డి మీద పడినదాన్ని ఆవు మేస్తే పాలలోకి వస్తుంది. గుణంలో అది కాల్షియానికి దగ్గర. అందుకే పాలు తాగిన పిల్లల ఎముకల్లో చేరిపోతుంది. అందులో సగం తరగడానికే దాదాపు 29 ఏళ్లు పడుతుంది.

ఆ భేటీ జరిగి నెల తిరక్కముందే క్యూబాలో సోవియట్ క్షిపణుల సంక్షోభం వచ్చింది. రెండు అగ్రరాజ్యాలూ అణుయుద్ధం అంచుదాకా వెళ్లాయి. 1963 ఆగస్టు 5న మాస్కోలో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ పాక్షిక పరీక్షల నిషేధ ఒప్పందంపై సంతకాలు చేశాయి. ఆ నెలలోనే భారత్ కూడా చేసింది. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలు వద్దన్నారు. భూగర్భాన్ని మాత్రం వదిలేశారు. ఎందుకంటే గాలిలో పేలుడు జరిగితే దూరం నుంచే పసిగట్టవచ్చు. భూమి లోపల జరిగిన చిన్న పేలుడుకూ భూకంపానికీ తేడా చెప్పడం ఆనాడు కష్టం. అక్కడికే వెళ్లి చూసే తనిఖీలు ఎన్ని ఉండాలో రెండు పక్షాలకూ పొసగలేదు.

ఆ ఒప్పందంతో పాలకు పట్టిన విషం తగ్గింది గానీ ఆయుధ పోటీ ఆగలేదు. పరీక్షలు భూమి కిందికి దిగాయి. 1974లో మన పోఖ్రాన్ పరీక్ష కూడా భూగర్భంలోనే జరిగింది కాబట్టి ఒప్పందాన్ని మీరినట్టు కాలేదు.

ఆ పోటీలోనే మరో చిక్కు క్షిపణులను అడ్డుకునే కవచాలు. వాటి విషయంలో నిపుణులకు ఏకాభిప్రాయం లేదు. ఒకరు కవచం కట్టుకుంటే, దాన్ని ఛేదించడానికి ఎదుటివాడు మరిన్ని క్షిపణులు చేస్తాడని కొందరంటారు. 1972లో అమెరికా, సోవియట్ యూనియన్ కవచాలకు హద్దు పెట్టుకున్నది ఆ భయంతోనే. చిన్న దేశం నుంచి వచ్చే ఒకటి రెండు క్షిపణులనైనా ఆపాలి కదా అని మరికొందరి వాదన. 2002లో అమెరికా ఆ 1972 ఒప్పందం నుంచి తప్పుకుంది. భారత్ 2006లో ఇలాంటి క్షిపణి నిరోధకాన్ని తొలిసారి పరీక్షించింది.

భూగర్భ పరీక్షల దగ్గర అడ్డొచ్చిన తనిఖీ ఎంత ముఖ్యమో న్యూ స్టార్ట్ ఒప్పందం చూస్తే తెలుస్తుంది. అమెరికా, రష్యాలు చెరి 1,550కి మించి వ్యూహాత్మక వార్‌హెడ్లు మోహరించకూడదని 2010లో రాసుకున్నాయి. ఏటా 18 దాకా తనిఖీలకు అందులో వీలుండేది. అలాంటి తనిఖీలు ఆగిపోతే ఎదుటివాడి లెక్క నమ్మాలో వద్దో తెలియదు. తెలియనప్పుడు ప్రతివాడూ ఎక్కువే ఊహించుకుని, ఎక్కువే తయారు చేసుకుంటాడు. అందుకే ఏ అణు ఒప్పందం వార్త చదివినా, ఎన్ని బాంబులు తగ్గాయన్నదానితో పాటు వాటిని ఎవరు, ఎలా లెక్కపెడతారన్నదీ అడగాలి.