ఎన్ని అడుగుల బోరు, ఎన్ని అంగుళాల నీళ్లు?

టమాటా కోతకు ముందు కర్ణాటకలోని కోలారు జిల్లా బైరకూరు రైతు ఫోన్లో మూడు ధరలు కనుక్కుంటాడు. ముళబాగిలు తాలూకాలోనే ఉన్న వడ్డహళ్లి మండీలో ఎంత పలికింది, కోలారు ఏపీఎంసీలో ఎంత, సరిహద్దు అవతల మదనపల్లెలో ఎంత? కోలారు ధర 15 కిలోల పెట్టెకు. మదనపల్లె ధర పేపర్లో కిలో లెక్కన వస్తుంది. అన్నింటినీ ఒకే తూకానికి తెచ్చి, బండి బాడుగ, కమీషన్ తీసేసి, చేతికి ఎంత మిగులుతుందో నోటిలెక్కతోనే తేలుస్తాడు.

అదే రైతు బోరుకు కొత్త మోటారు కొనాలంటే ఈ లెక్క చేసి చూపించేవాళ్లు లేరు. ఇంటర్నెట్‌లో వెతికితే ‘టాప్ 10 పంపులు’ అన్న పేజీలు కుప్పలుగా కనిపిస్తాయి. అవే బొమ్మలు, అవే చుక్కల రేటింగులు, కింద ‘ఇప్పుడే కొనండి’ అన్న బటన్. దాని వెనక ఉండేది అఫిలియేట్ లింకు. ఆ దారిన వెళ్లి సరుకు కొంటే పేజీ నడిపేవారికి కమీషన్ ముడుతుంది, కొన్నవారికి ధర పెరగదు. అమెజాన్ 1996లోనే ఈ పద్ధతి పెట్టింది.

కమీషన్ తీసుకోవడం తప్పు కాదు. మండీలోనూ కమీషన్ ఉంది, కానీ వేలం పాట అందరి ముందూ జరుగుతుంది. ఆ బహిరంగత ఈ పేజీల్లో కరవు.

ఇదే కమీషన్‌తో జనానికి నిజంగా పనికొచ్చినవాళ్లూ ఉన్నారు. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఊరికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరక్క ఆగిపోయిన తెలుగు ఇంజినీరు ఫణీంద్ర సామ, మిత్రులతో కలిసి 2006లో రెడ్‌బస్ మొదలుపెట్టారు. అంతకుముందు ట్రావెల్ ఏజెంట్ల దగ్గరికి తిరిగి, ఎవరికి ఏ సమాచారం అందడం లేదో తెలుసుకున్నారు. ఆదాయం బస్సు యజమానులిచ్చే కమీషనే. ప్రయాణికుడికి మాత్రం ఏ సీటు ఖాళీ, బస్సు ఎక్కడ ఆగుతుంది, ఇదివరకు వెళ్లినవాళ్లు ఏమన్నారు అన్నవన్నీ ఒకేచోట కనిపించాయి. బ్రిటన్‌లో మార్టిన్ లూయిస్ 2003లో వంద పౌండ్లతో పెట్టిన మనీసేవింగ్ ఎక్స్‌పర్ట్ సైటు ఇంకో అడుగు ముందుకేసింది. డబ్బు తెచ్చే లింకు పక్కన నక్షత్రం గుర్తు పెట్టింది. పైసా ఇవ్వని కంపెనీ సరుకు మెరుగ్గా ఉంటే దాన్నే సిఫారసు చేసింది. 2012లో ఆ సైటు గరిష్ఠంగా 8.7 కోట్ల పౌండ్ల ఒప్పందానికి అమ్ముడుపోయింది. నిజం చెబితే గిట్టుబాటు కాదనేవాళ్లు ఆ అంకె ఒకసారి చూడాలి.

మన దగ్గర చట్టమూ ఆ దారిలోనే ఉంది. ప్రకటనకర్తతో డబ్బు సంబంధం ఉంటే దాన్ని వెల్లడించాలని 2022 జూన్‌లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. తప్పుదారి పట్టించే ప్రకటనకు జరిమానా 10 లక్షల రూపాయల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా ఉంటుంది.

ఇప్పుడు బైరకూరు మోటారు దగ్గరికి వద్దాం. జీవనది లేని కోలారు జిల్లాలో వెయ్యి అడుగులు దాటిన బోర్లు మామూలు. పంపుకు అంటించిన రేకు మీద హెడ్ (నీళ్లు ఎక్కే ఎత్తు) మీటర్లలో, నీటి ధార నిమిషానికి ఇన్ని లీటర్లని ఉంటుంది. రైతు మాట్లాడేది అడుగులు, అంగుళాల్లో. ‘వెయ్యి అడుగుల నుంచి రెండంగుళాల నీళ్లు తీస్తుందా?’ అన్నది అతని ప్రశ్న. వెయ్యి అడుగులంటే 305 మీటర్లు. ఆ ఎత్తుకు ఆ పంపు ఎన్ని లీటర్లు ఎక్కిస్తుందో కంపెనీల పట్టికల్లోనే దొరుకుతుంది. పేజీ నడిపేవారికి వాటిని తెచ్చి అడుగుల్లోకి మార్చి, పక్కపక్కన పెట్టే ఓపికే కావాలి. కేబులు, పైపులు, స్టార్టరు, దించే కూలి కలిపి మొత్తం ఖర్చు చూపించాలి. ధర ఏ తేదీదో రాయాలి.

నగరంలో కూర్చుని రాసే సమీక్షలు కరెంటు బిల్లు ఆదా గురించి పేరాలు పేరాలు చెబుతాయి. కర్ణాటకలో 10 హెచ్‌పీ దాకా వ్యవసాయ పంపుసెట్లకు కరెంటు ఉచితం. ఇక్కడి రైతుకు పట్టుకునే భయం వేరు. వోల్టేజీ పడిపోయి కాయిల్ కాలితే, నిండు వేసవిలో పైపులన్నీ పైకి లాగాలి. రిపేరయ్యేలోగా పిందె మీదున్న తోట ఎండిపోతుంది. అందుకే పోలిక పట్టికలో మొదటి గడి వోల్టేజీది కావాలి, రెండోది సర్వీసు సెంటరు ఎంత దూరమన్నది.

ఈ సంగతులు బాగా తెలిసినవాళ్లు మోటారు వైండింగ్ షాపుల్లో ఉన్నారు. ఏ మోటారు ఎన్నాళ్లకు విప్పాల్సి వచ్చిందో, లోపల రాగి తీగ ఎలా ఉందో, బేరింగు ఎంత అరిగిందో చేత్తో పట్టుకుని చూసినవాళ్లు. తెలుగులో పంపులను ఇలా పోల్చి చూపే సైటు పెట్టాలనుకునే కుర్రాడెవరైనా ముందు ముళబాగిలు బస్సెక్కి, ఒక నోటుపుస్తకం తీసుకుని, అలాంటి షాపు ముందు స్టూలు మీద వారం రోజులు కూర్చోవాలి.