ఊరి పన్ను, ఊరి లెక్క: ఇంగ్లండ్‌లో పారిష్ కౌన్సిల్ ఎలా నడుస్తుంది?

2021 ఫిబ్రవరిలో ఒక జూమ్ మీటింగ్ వీడియో ఇంటర్నెట్ మొత్తం తిరిగింది, గుర్తుందా? ఇంగ్లండ్‌లో చెషైర్ కౌంటీ, హ్యాండ్‌ఫోర్త్ అనే ఊరు. కోవిడ్ టైమ్ కాబట్టి ఆ ఊరి పారిష్ కౌన్సిల్ వాళ్ళు 2020 డిసెంబర్‌లో ఆన్‌లైన్‌లో కూర్చున్నారు. చైర్మన్ ఏమో ఈ మీటింగే చెల్లదంటాడు. మీటింగ్ నడపడానికి సాయం వచ్చిన జాకీ వీవర్ అనే ఆవిడ, ఆయన్ని తీసి వెయిటింగ్ రూమ్‌లో పడేసింది. ఇంకొకాయన రూల్స్ చదువుకో అని ఆవిడ మీద గట్టిగా అరుస్తాడు. ఇక మీమ్స్, రీమిక్స్ పాటలు, అన్నీ వచ్చేశాయి.

అందరం నవ్వుకున్నాం. కానీ అసలు వీళ్ళు దేని గురించి కొట్టుకుంటున్నారు? పారిష్ కౌన్సిల్ చేతిలో ఏముంటుంది? డబ్బు ఎవరిస్తారు? లెక్క ఎవరు అడుగుతారు? ఈ రోజు ఎపిసోడ్ దీని మీదే. ఇంగ్లండ్ సంగతి మనకెందుకు అనుకోకండి. అక్కడ ఉంటున్న మన తెలుగువాళ్ళకి ఇందులో ఒక పెద్ద హక్కు ఉంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు. అది చివర్లో చెప్తాను.

పారిష్ అంటే చర్చి కదా?

మొదట్లో అవును. ఒక చర్చి పరిధిలోకి వచ్చే ప్రాంతాన్ని పారిష్ అనేవాళ్ళు. రోడ్లు, పేదలకి సాయం లాంటి ఊరి పనులు కూడా చర్చిలో జరిగే పెద్దల సమావేశమే చూసుకునేది. 1894లో లోకల్ గవర్నమెంట్ యాక్ట్ వచ్చింది. పల్లెటూళ్ళలో ఆ పౌర బాధ్యతల్ని చర్చి నుంచి విడదీసి, జనం ఎన్నుకున్న కౌన్సిళ్ళకి ఇచ్చింది. పేరు మాత్రం పాతదే ఉండిపోయింది. ఈ రోజు పారిష్ కౌన్సిల్‌కి, మతానికి సంబంధం లేదు. మన గ్రామ పంచాయతీలాగే ప్రభుత్వ వ్యవస్థలో అన్నిటికంటే కింది మెట్టు. పైన డిస్ట్రిక్ట్ కౌన్సిల్, దానిపైన కౌంటీ కౌన్సిల్ ఉంటాయి. కొన్ని చోట్ల ఆ రెండూ కలిపి ఒకటే ఉంటుంది. ఇంగ్లండ్‌లో పారిష్, టౌన్ కౌన్సిళ్ళు కలిపి సుమారు 10,000 ఉన్నాయి.

ఒక కౌన్సిల్‌లో కనీసం 5 మంది సభ్యులుండాలి. నాలుగేళ్ళకోసారి ఎన్నికలు. దాదాపు అందరూ జీతం లేకుండానే చేస్తారు. చైర్మన్‌ని ఏటా సభ్యులే ఎన్నుకుంటారు. జీతం తీసుకునే మనిషి సాధారణంగా ఒక్కరే, క్లర్క్. పేరు క్లర్క్ అన్నంత మాత్రాన చిన్న ఉద్యోగం అనుకోవద్దు. మన పంచాయతీ కార్యదర్శి లాంటి పోస్టు. అజెండా, మినిట్స్, లెక్కలు, ఉత్తరాలు, చట్టం ఏం ఒప్పుకుంటుందో చెప్పడం, అన్నీ ఆ మనిషే. చిన్న ఊళ్ళలో వారానికి కొన్ని గంటలు పనిచేసే పార్ట్‌టైమ్ క్లర్కులే ఎక్కువ.

ఇంతకీ ఏం పని చేస్తారు?

పిల్లల ఆట స్థలం, బస్ షెల్టర్, బెంచీలు, చెత్త బుట్టలు, నోటీసు బోర్డు, శ్మశానం, ఊరి హాలు, యుద్ధంలో చనిపోయినవాళ్ళ స్మారక స్తంభం, కొన్ని వీధి దీపాలు. ఇంకొకటి అలాట్‌మెంట్లు. అంటే కూరగాయలు పండించుకోవడానికి ఊళ్ళోవాళ్ళకి చిన్న చిన్న మడులు కౌలుకిస్తారు. 1908 నాటి చట్టం ప్రకారం ఆరుగురు ఓటర్లు కలిసి మాకు మడులు కావాలని రాసిస్తే, కౌన్సిల్ దాన్ని పట్టించుకుని తీరాలి.

ఊళ్ళో ఎవరైనా ఇల్లు కట్టాలన్నా, పెంచాలన్నా ఆ దరఖాస్తు మీద పారిష్ కౌన్సిల్ అభిప్రాయం చెప్పొచ్చు. అయితే అది అభిప్రాయం వరకే. పర్మిషన్ ఇచ్చేది పై కౌన్సిల్. రోడ్డు మీద గుంత పడినా జనం ముందు పారిష్ వాళ్ళనే తిడతారు, కానీ రోడ్లు కౌంటీవి. చేతిలో లేని పనికి మాట పడటం మన వార్డు మెంబర్లకి బాగా తెలిసిన బాధే.

ఇక్కడ ఒక ముఖ్యమైన పాయింట్. చట్టం ఏ పనికి పవర్ ఇచ్చిందో ఆ పనికే పారిష్ కౌన్సిల్ డబ్బు ఖర్చు పెట్టాలి. మంచి పనే కదా అని పెట్టేయడం కుదరదు. ఏ పవర్ కిందకీ రాని, కానీ ఊరికి ఉపయోగపడే ఖర్చుల కోసం సెక్షన్ 137 అని ఒక కిటికీ ఉంది. దానికీ లిమిట్ ఉంది. 2024-25లో ఒక్కో ఓటరుకి 10.81 పౌండ్లు. 500 మంది ఓటర్లున్న ఊరైతే ఏడాది మొత్తానికి 5,405 పౌండ్లు, అంతే. మూడింట రెండొంతుల సభ్యులు ఎన్నికల్లో నెగ్గినవాళ్ళై, క్లర్క్‌కి తగిన క్వాలిఫికేషన్ ఉంటే, 2011 నాటి లోకలిజం యాక్ట్ కింద ఇంకా విస్తృతమైన పవర్ తీసుకోవచ్చు.

డబ్బు ఎక్కడిది?

ఎపిసోడ్‌లో అసలు విషయం ఇదే. పారిష్ కౌన్సిల్‌కి లండన్ నుంచి ఏటా వచ్చే రెగ్యులర్ గ్రాంట్ లేదు. ప్రధాన ఆదాయం ఊళ్ళోవాళ్ళ పన్ను. దాని పేరు ప్రిసెప్ట్.

ఎలా పనిచేస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది నేను లెక్క కోసం ఊహించిన ఊరు. వచ్చే ఏడాది క్లర్క్ జీతం, ఇన్సూరెన్స్, గడ్డి కోత, ఆట స్థలం తనిఖీ, రిపేర్లు అన్నీ కలిపి 20,000 పౌండ్లు కావాలి. మడుల కౌలు, శ్మశానం ఫీజుల ద్వారా 4,000 వస్తాయి. మిగతా 16,000 ప్రిసెప్ట్. శీతాకాలంలో బడ్జెట్ పాస్ చేసి, మాకు ఇంత కావాలి అని డిస్ట్రిక్ట్ కౌన్సిల్‌కి రాసిస్తారు. డిస్ట్రిక్ట్ దాన్ని ఆ ఊరి ఇళ్ళ కౌన్సిల్ ట్యాక్స్ బిల్లులో కలిపి వసూలు చేసి పారిష్‌కి ఇస్తుంది. ఊళ్ళో మధ్యరకం ఇళ్ళు, అంటే బ్యాండ్ డీ లెక్కన 400 ఉన్నాయనుకుంటే, ఇంటికి ఏడాదికి 40 పౌండ్లు.

నిజమైన అంకెలు చూస్తే, 2024-25లో ఇంగ్లండ్‌లో బ్యాండ్ డీ ఇంటి మీద పారిష్ ప్రిసెప్ట్ సగటున 85 పౌండ్ల దరిదాపు. అదే ఏడాది మొత్తం కౌన్సిల్ ట్యాక్స్ సగటు 2,171 పౌండ్లు. అంటే వందలో నాలుగు. చిన్న మొత్తమే. కానీ బిల్లులో అది విడిగా ఒక లైనులో కనిపిస్తుంది. పారిష్ పేరు, పోయినేడుతో పోలిస్తే ఎంత పెరిగిందో శాతం, రెండూ ఉంటాయి. బస్ షెల్టర్‌కి రంగు వేయించింది నా డబ్బే అని ఇంటాయనకి తెలుస్తుంది.

ఇందులో ఒక తిరకాసు కూడా ఉంది. పై కౌన్సిళ్ళు ట్యాక్స్‌ని ఒక హద్దు దాటి పెంచాలంటే రెఫరెండం పెట్టాలి. పారిష్‌లకి ఇప్పటిదాకా ఆ హద్దు పెట్టలేదు. అంటే ఆపాల్సింది ఎవరు? ఊళ్ళోవాళ్ళే. మీటింగ్‌కి వచ్చి అడిగితేనే ఆగుతుంది.

వేరే దారులూ ఉన్నాయి. ఊళ్ళో కొత్త ఇళ్ళు కట్టే బిల్డర్ల దగ్గర కొన్ని ప్రాంతాల్లో కమ్యూనిటీ ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ లెవీ వసూలు చేస్తారు. అందులో 15 శాతం పారిష్‌కి వస్తుంది. ఊరు తన సొంత నైబర్‌హుడ్ ప్లాన్ రాసుకుని, రెఫరెండంలో నెగ్గించుకుంటే 25 శాతం. అప్పు కావాలంటే మాత్రం కేంద్ర ప్రభుత్వం అనుమతి తప్పనిసరి.

లెక్క ఎవరు చూస్తారు?

వాళ్ళ ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే మార్చి 31కి ముగుస్తుంది. ఏడాదికి 25,000 పౌండ్లు దాటని చిన్న కౌన్సిళ్ళు బయటి ఆడిటర్ రివ్యూ నుంచి మినహాయింపు తీసుకోవచ్చు. దాని బదులు 100 పౌండ్లు దాటిన ప్రతి ఖర్చునీ వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఇంటర్నల్ ఆడిట్ మాత్రం ఎవరికీ తప్పదు.

దీనికంటే నాకు నచ్చింది ఇంకొకటి. ప్రతి వేసవిలో వరుసగా 30 పని దినాలు కౌన్సిల్ పుస్తకాలు జనం కోసం తెరిచి ఉండాలి. జులై మొదటి పది పని దినాలు అందులో తప్పకుండా ఉండాలి. ఆ టైమ్‌లో ఊళ్ళోవాళ్ళు వెళ్ళి బిల్లులు, వోచర్లు, కాంట్రాక్టులు చూడొచ్చు, కాపీలు తీసుకోవచ్చు. ఓటరైతే ఇంకో అడుగు ముందుకెళ్ళి ఆడిటర్‌ని ప్రశ్నించొచ్చు, ఫలానా ఖర్చు చట్టవిరుద్ధం అని అభ్యంతరం ఫైల్ చెయ్యొచ్చు. మా భాషలో చెప్పాలంటే, మార్చే యాక్సెస్ కౌన్సిల్‌కే, చదివే యాక్సెస్ మాత్రం ఊరందరికీ.

మీటింగుల సంగతికొస్తే, కనీసం మూడు పూర్తి రోజుల ముందు నోటీసు ఊళ్ళో అంటించాలి. జనం వచ్చి కూర్చునే హక్కు 1960 నాటి చట్టంతో వచ్చింది. ఆ బిల్లు పెట్టింది ఎవరో తెలుసా? అప్పుడే కొత్తగా ఎంపీ అయిన మార్గరెట్ థాచర్. పార్లమెంటులో ఆవిడ తొలి ప్రసంగమే దాని మీద. 2014 నుంచి ఇంకో హక్కు వచ్చింది. జనానికి తెరిచి ఉన్న మీటింగ్‌ని ఎవరైనా ఫోన్‌లో వీడియో తీసి సోషల్ మీడియాలో పెట్టొచ్చు. ఇవి కాక ఏటా మార్చి 1కి, జూన్ 1కి మధ్య ఊరి ఓటర్లందరి సమావేశం ఒకటి జరగాలి. మన గ్రామసభకి దగ్గరి చుట్టం అన్నమాట. మధ్యలో కావాలంటే ఆరుగురు ఓటర్లు కలిసి కూడా అలాంటి సమావేశం పిలవొచ్చు.

మరి అంతా బాగున్నట్టేనా?

కాదు. హక్కులు కాగితం మీద బలంగా ఉన్నాయి. వాడేవాళ్ళు తక్కువ. చాలా ఊళ్ళలో సీట్లకి సరిపడా మనుషులే నిలబడరు, కాబట్టి పోటీ ఉండదు. మిగిలిన ఖాళీల్ని ఉన్న సభ్యులే తమకి తెలిసినవాళ్ళతో నింపుకుంటారు, దాన్ని కో-ఆప్షన్ అంటారు. ఎవరూ రాని హాల్లో ఐదారుగురు కూర్చుని అందరి డబ్బు మీద తీర్మానం చేస్తారు. నలుగురు చూస్తుంటే మాట, చేత ఒకలా ఉంటాయి, ఎవరూ చూడకపోతే ఇంకోలా ఉంటాయి. హ్యాండ్‌ఫోర్త్ గొడవ అయినా కెమెరాలో పడింది కాబట్టే మనదాకా వచ్చింది.

ఇప్పుడు మొదట్లో చెప్పిన హక్కు. ఇండియా కామన్వెల్త్ దేశం. కాబట్టి యూకేలో వీసా మీద చట్టబద్ధంగా ఉంటున్న, 18 ఏళ్ళు నిండిన భారతీయులు అక్కడ ఓటరుగా నమోదు చేసుకుని ఓటెయ్యొచ్చు. బ్రిటిష్ సిటిజన్‌షిప్ అక్కర్లేదు. స్టూడెంట్స్ కూడా. పోలింగ్ బూత్‌లో ఫోటో ఐడీగా మన ఇండియన్ పాస్‌పోర్టే పనికొస్తుంది. పారిష్ ఎన్నికలకీ ఇదే వర్తిస్తుంది. పోటీ చెయ్యాలంటే మాత్రం వీసా చాలదు, శాశ్వత నివాస హక్కు కావాలి. ఒకసారి ఓటరైతే ఇందాక చెప్పుకున్న అభ్యంతరం పెట్టే హక్కు కూడా మీదే. అక్కడ అద్దెకున్నా ఆ బిల్లు మీరే కడుతుంటే, ఈసారి ఆ చిన్న లైను ఒకసారి చదవండి.

ఇక్కడున్న మన సంగతి? 2024 జనవరిలో రిజర్వ్ బ్యాంక్ పంచాయతీల ఆర్థిక పరిస్థితి మీద ఒక రిపోర్ట్ ఇచ్చింది. దాని ప్రకారం 2022-23లో దేశంలో పంచాయతీల ఆదాయంలో సొంత పన్నుల వాటా దాదాపు 1 శాతం. సుమారు 80 శాతం కేంద్ర గ్రాంట్లు, 15 శాతం రాష్ట్రాల గ్రాంట్లు. ఇందులో గ్రాంట్లు తప్పు అనడానికి లేదు. మంచినీళ్ళు, మురుగు కాలువలు, పారిశుధ్యం, ఇంత బరువు పారిష్ కౌన్సిల్ మీద లేదు. పేద ఊరు తన ఇంటి పన్నుతోనే అవన్నీ చేసుకోమంటే అన్యాయం. కానీ పైనుంచి వచ్చిన డబ్బుని మనం సర్కారు డబ్బు అంటాం. సర్కారు డబ్బు అన్నాక అడగబుద్ధి కాదు. నిజానికి ఆ గ్రాంట్ కూడా మనం పెట్రోల్ కొట్టించినప్పుడు, సబ్బు కొన్నప్పుడు కట్టిన పన్నే. కాకపోతే చుట్టూ తిరిగి వస్తుంది కాబట్టి మన పేరు చెరిగిపోతుంది.

కాబట్టి ఫ్రెండ్స్, ఈ వారం ఒక చిన్న పని. ఈ-గ్రామ్‌స్వరాజ్ సైట్ ఓపెన్ చేసి, మీ రాష్ట్రం, జిల్లా, మండలం, పంచాయతీ సెలెక్ట్ చెయ్యండి. ప్లాన్‌లో ఏ పనులు రాశారో, ఎంత ఖర్చు చూపించారో చూడండి. అందులో ఒక్క పని ఎంచుకోండి. ఒక కాలువ కావచ్చు, ఒక బోరు మోటారు కావచ్చు. ఆ చోటికి నడిచి వెళ్ళి చూసి రండి. తేడా కనిపిస్తే వచ్చే గ్రామసభలో లేచి ఒక్క ప్రశ్న అడగండి, గొడవ అక్కర్లేదు. మళ్ళీ వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను, నమస్తే.