గన్నవరం గుడారాలు - బెజవాడ ‘బాలనాగమ్మ’

సినిమా సిపాయికి రెండే పనులు. మొదటి సగంలో పాట పాడతాడు, చివరి రీళ్ళలో తూటా తింటాడు! 2015లో క్రిష్ తీసిన ‘కంచె’లో రెండో ప్రపంచ యుద్ధపు తెలుగు సైనికుణ్ణి చూసి హాల్లోంచి బయటికొస్తుంటే మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఆయనా ఆ యుద్ధపు సిపాయే. కాని ఆయన చెప్పే కబుర్లలో తుపాకుల మోత కంటే బూట్ల పాలిష్ గొడవే ఎక్కువ.

1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాక కోస్తా అంతా హడలిపోయింది. కృష్ణ మీద రైలు వంతెన, అంత పెద్ద జంక్షనూ ఉన్న బెజవాడని వదులుతారా అని జనం భయం. ఇవాళ మనం విమానం ఎక్కే గన్నవరంలో అప్పుడు మిలటరీ స్థావరం. పెదనాన్న కాపలా అక్కడే.

తెల్లవారకముందే బ్యూగిల్. పరేడు. కిట్టు తనిఖీ. ఆపైన హిందుస్తానీని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి నేర్పే క్లాసు. “ఆ భాష రాక తిన్న తిట్లకి లెక్కలేదురా” అనేవాడు. కృష్ణా జిల్లా కుర్రాడికి మెస్సులో చపాతీ! గోంగూర కలలోకి వచ్చేదట. మధ్యాహ్నం పెట్రోలు పీపాలు దొర్లించడం, సాయంత్రం క్వినైను మింగడం. రాత్రి కాపలాలో బీడీ వెలిగిస్తే శిక్ష. ఆ చీకట్లో, రాని విమానం కోసం ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డమే ఆయన చేసిన యుద్ధం.

అసలు బాధ అది కాదు. మా ఊరు ఉయ్యూరు పక్కన. ఎడ్లబండి మీద ఒక పూట దారి. అయినా సెలవు లేదు. ఎక్కడున్నదీ ఉత్తరంలో రాయకూడదు, రాస్తే ఆఫీసరు కొట్టేస్తాడు. పైన ఒక నంబరు, అంతే. మా నాయనమ్మేమో కొడుకు బర్మాలోనే ఉన్నాడని నిశ్చయించుకుని తిండి మానేసింది.

1943లో ఒక ఆదివారం పాసు దొరికి, లారీలో బెజవాడ వెళ్ళి జెమినీవారి ‘బాలనాగమ్మ’ చూశాడు. గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీని చూసి హాలంతా జడుసుకుంటోంది. కొడుకు తల్లిని వెతుక్కుంటూ బయల్దేరే ఘట్టం వచ్చేసరికి మా సిపాయి వెక్కి వెక్కి ఏడ్చాడట. బయటికి రాగానే మా ఊరి బెల్లం బండి ఆయన ఎదురుపడ్డాడు.

“ఒరే అబ్బాయ్, నువ్వు బర్మాలో లేవుట్రా?”

“అమ్మకొక్కదానికే చెప్పు బాబాయ్. ఇంకెవరికీ వద్దు.”

మళ్ళీ పాసు దొరికిన ఆదివారం టిక్కెట్ల కిటికీ దగ్గర నాయనమ్మ నిలబడి ఉంది, చేతిలో సున్నుండల మూట. ప్రతి ఆదివారం వచ్చి నిలబడుతోందట పాపం! సినిమా ఊసే ఎత్తలేదు.

“అన్నం పెడుతున్నార్రా?”

“పెడుతున్నారమ్మా” అని అబద్ధమాడాడు. ఇంతలో లారీ హారను మోగింది.

కొన్నాళ్ళకి ఆయన్ని కలకత్తా వైపు రైలెక్కించారు. 1944లో ఇంఫాల్ దగ్గర నిజం యుద్ధంలో ఉన్నాడు. ఉత్తరాల మీద ఎప్పటిలాగే ఒక నంబరు, అంతే. కొడుకు గన్నవరంలోనే ఉన్నాడనుకుని, ఆ ఏడాదంతా నాయనమ్మ కంటినిండా నిద్రపోయింది.